నాలుగు గడులు, నాలుగు సంతకాలు

సోమవారం మధ్యాహ్నం భోజనం ముగించుకుని వచ్చి, మంచు మాస్టారు విమానాలు బాగుచేసే హ్యాంగర్ మూలనున్న ఇనుప బల్ల ముందు కూర్చుని జాబ్ కార్డు మీద నాలుగు సంతకాలు పెట్టేశాడు. మొదటి గడిలో, గొట్టాల కవర్లు తీశాను అని. రెండో గడిలో, వేడి బటన్ నొక్కి అద్దాలు పరీక్షించాను అని. మూడో గడిలో, బటన్ ఆపేశాను అని. నాలుగో గడిలో, కవర్లు మళ్లీ తొడిగాను అని. పని ఇంకా మొదలే కాలేదు. ఏళ్ల తరబడి చేస్తున్న పనికి గడి గడికీ మెట్లు దిగొచ్చి పెన్ను పట్టుకోవడం ఎందుకని, సంతకాలన్నీ ఒకేసారి పెట్టి పైకెక్కడం ఆయనకి అలవాటైపోయింది. ఆయన ఒక్కడికే కాదు, చెయ్యి తిరిగిన వాళ్లందరికీ ఇదే అలవాటు. అలా చెయ్యకూడదని కొత్తవాళ్లకి పాఠం చెప్పేదీ వాళ్లే.

మంచు మాస్టారనేది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు. విమానానికి మంచు పట్టకుండా, వాన అడ్డం రాకుండా ఏమేం ఏర్పాట్లున్నాయో కొత్తగా చేరిన మెకానిక్కులకి నేర్పేది ఆయనే. మండుటెండలో కూడా ఈయన నోట మంచు మాటే కదా అని నవ్వుకుంటూ ఎవరో ఆ పేరు తగిలించారు, అది వదల్లేదు. ఆయనకి కోపం రాలేదు సరికదా, లోలోపల కాస్త గర్వంగానే ఉండేది.

ఆ రోజు విమానం మీద ఫిర్యాదు చిన్నదే. కాక్‌పిట్‌లో కుడివైపు అద్దం మసకబారుతోందని పైలట్ రాశాడు. ఆ అద్దం ఒకే పలక కాదు. పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరల మధ్య కంటికి ఆనని పూత ఒకటి ఉంటుంది. దాంట్లోకి కరెంటు పంపితే అద్దం గోరువెచ్చగా ఉండి, బయట మంచు కట్టదు, లోపల ఆవిరి పట్టదు. మాస్టారు కుర్చీలో కూర్చుని, తలపైనున్న బటన్ నొక్కి, అరచేతిని కాకుండా చేతి వెనక భాగాన్ని అద్దానికి ఆనించాడు. అరచేయి కాయలు కాసిపోయింది, దానికి వేడి సరిగ్గా తెలియదు. మెల్లగా అద్దం వెచ్చబడింది. ఒక మూల నుంచి ఇంకో మూలకి చెయ్యి జరుపుతూ, పసిపిల్ల నుదురు చూసినట్టు చూశాడు.

అంతలో వాకీటాకీలో ఫోర్‌మన్ పిలిచాడు. పక్క విమానం ఇంజిన్ మూతి దగ్గర పగులులాంటిదేదో కనిపిస్తోంది, ఓసారి రమ్మన్నాడు. మాస్టారు లేచి మెట్లు దిగాడు. విమానం ముక్కుకి అటూ ఇటూ ఎర్ర రిబ్బన్లు వేలాడుతున్నాయి. ఆయన వాటి పక్క నుంచే నడిచి వెళ్లాడు. నిలబెట్టిన ప్రతి విమానానికీ ఆ రిబ్బన్లు వేలాడుతూనే ఉంటాయి కాబట్టి, ఇంట్లో గోడ గడియారం చప్పుడు చెవికెక్కనట్టే అవి కంటికెక్కలేదు.

ఆ ఒక్క బటన్ రెండు పనులు చేస్తుంది. అద్దాలతోపాటు, విమానం ముక్కు పక్కన బయటికి పొడుచుకొచ్చిన జానెడు గొట్టాల్ని కూడా వేడెక్కిస్తుంది. ఎదురుగాలి ఆ గొట్టాల్లోకి దూరితేనే విమానం ఎంత వేగంగా పోతోందో పైలట్‌కి తెలుస్తుంది. నేల మీదున్నప్పుడు వాటిలోకి దుమ్మూ పురుగులూ పోకుండా కవర్లు తొడుగుతారు. ఎర్ర రిబ్బన్లు ఆ కవర్లకి కట్టినవే. వాటిని తీశానని మొదటి గడిలో సంతకం పెట్టినవాడు, తీసేశాననే అనుకుని నేరుగా పైకెక్కాడు. అద్దం ధ్యాసలో పడి బటన్ సంగతే మరిచిపోయి దిగాడు.

వాసన ముందు పట్టింది అక్కడే రంగులు వేస్తున్న పెయింటర్లకి. ఏదో కాలుతోందని అరిచారు. ఫోర్‌మన్ పరుగెత్తాడు, అతని వెనకే మాస్టారు పరుగెత్తాడు. మూడు గొట్టాల మీదా కవర్లు కరిగి, తారులా జారి, చివర బొట్లుగా గడ్డకట్టి ఉన్నాయి. ఫోర్‌మన్ మూడేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కి కాక్‌పిట్‌లోకి దూరాడు. అక్కడ క్లీనరమ్మ ఉంది. నీలం కోటు, ఒక చేతిలో గుడ్డ, ఇంకో చేతిలో నీళ్ల సీసా. తలపైన బటన్ వెలుగుతోంది.

"ఎవరు ముట్టుకోమన్నారమ్మా దాన్ని?" అని ఫోర్‌మన్ గుడ్లురిమాడు, బటన్ నొక్కి ఆపుతూ.

"నేను ముట్టుకోలేదు సార్. నేనొచ్చేసరికే వెలుగుతోంది."

"నువ్వు రాకముందు ఇక్కడెవరున్నారు మరి? దెయ్యమా?"

అప్పుడు క్లీనరమ్మ గుమ్మంలో నిలబడ్డ మాస్టారి వంక చూసింది. నేరం మోపే చూపు కాదది. పెద్దాయన వచ్చాడు, ఇక ఫరవాలేదన్నట్టు చూసింది. ఫోర్‌మన్ కూడా వెనక్కి తిరిగాడు.

"మాస్టారూ, మీరు ఆపే దిగారు కదా?"

నోరు తెరిచేలోపు ఆయన కళ్ల ముందు ఎన్ని కనిపించాలో అన్నీ కనిపించాయి. పని సరిగ్గా జరిగిందని వెయ్యడానికి తనకిచ్చిన స్టాంపు, క్లాసు, ఇన్నాళ్ల పేరు. ఊపిరి పీల్చుకునేంత సేపట్లో, "ఆపేశాననే అనుకుంటున్నా," అన్నాడు.

అబద్ధం పూర్తిగా ఆడలేదని ఆ క్షణంలో ఆయనకి అనిపించింది. అసలు ఆడే అవసరం కూడా లేకపోయింది. కార్డు తెప్పించి చూస్తే నాలుగు గడుల్లో నాలుగు సంతకాలున్నాయి. కవర్లు తీశారు, పరీక్షించారు, ఆపారు, మళ్లీ తొడిగారు. ఆ తర్వాత ఎవరో వచ్చి నొక్కారు. కాగితం ఆయనకంటే ముందే, ఆయనకంటే గట్టిగా చెప్పేసింది.

సాయంత్రం నాలుగింటికి క్లీనరమ్మ మెళ్లోంచి గేటు పాసు తీయించి తీసుకున్నారు. బుధవారం సాయంత్రానికల్లా ఫోర్‌మన్ రిపోర్టు పంపుతాడు. అందులో ఆమె తప్పని రాస్తే ఇక ఏ విమానాశ్రయం గేటూ ఆమెను లోపలికి రానివ్వదు. గేటు దాకా ఇద్దరు గార్డులు వెంట నడిచారు. బకెట్టు హ్యాంగర్లోనే ఉండిపోయింది, దాన్నెవరూ తియ్యలేదు.

ఇంటికెళ్లాక మాస్టారు చొక్కా విప్పుతుంటే భార్య ముక్కు మూసుకుంది. "ఏం కాల్చారండీ ఇవాళ? ప్లాస్టిక్ కంపు."

"ఓ క్లీనరమ్మ తెలియక ఏదో బటన్ నొక్కింది," అన్నాడాయన, సబ్బు చేతిలో గిరగిరా తిప్పుతూ. పెళ్లాంతో కూడా ఇలా అనాలని ముందుగా అనుకోలేదు. ఒకచోట అన్నమాట ఇంకోచోట తనంతట తనే వచ్చేస్తుందని అప్పుడు తెలిసింది.

"అయ్యో పాపం. ఆవిడకేం తెలుస్తుంది చెప్పండి? అక్కడ తెలిసినవాళ్లు మీరే కదా. దేన్ని ముట్టుకోకూడదో ముందే ఒక మాట చెప్పుండాల్సింది మీరు."

"ఊఁ," అన్నాడు. చేతులు మూడుసార్లు కడుక్కున్నాడు. అన్నం సయించలేదు. ఎండకి తిరిగి అలిసిపోయారని భార్య మజ్జిగ ఇచ్చింది. ఆ మజ్జిగ తాగడానికి కూడా ఆయనకి సిగ్గేసింది.

మంగళవారం పొద్దున్నే మంచు క్లాసు. ముందే వేసిన తేదీ, తప్పించుకోడానికి లేదు. పద్దెనిమిది మంది కొత్త మెకానిక్కులు పుస్తకాలు తెరుచుకుని కూర్చున్నారు. మాస్టారు బోర్డు మీద రెక్క బొమ్మ గీశాడు. ఎన్నిసార్లు గీశాడో, కళ్లు మూసుకున్నా వంకర పోదు. ఆ రోజు వంకర పోయింది. చెరిపి మళ్లీ గీశాడు.

"మంచు బరువుకి విమానం పడిపోతుందని అందరూ అనుకుంటారు. బరువు కాదర్రా భయం, ఆకారం. రెక్క ముందంచు నున్నగా ఉంటేనే గాలి దాన్ని అంటిపెట్టుకుని పారుతుంది. గరుకు కాగితమంత మంచు పట్టినా చాలు, గాలి విడిపోతుంది, రెక్క ఎత్తడం మానేస్తుంది. అందుకని ఇంజిన్లోంచి వేడిగాలి తీసి, చిల్లులున్న గొట్టంలోంచి ముందంచు లోపలికి చిమ్ముతాం. రెక్క మొత్తానికీ కాదు, ఎక్కడ అవసరమో అక్కడే. ఇంజిన్ మూతికి కూడా అంతే. అక్కడ కట్టిన మంచు ఊడి లోపలికి పోయిందంటే ఇంజిన్ రేకులు విరుగుతాయి."

వానకి ఏం చేస్తామో చెప్పాడు. దిగేటప్పుడు, ఎగిరేటప్పుడు వైపర్లు. అద్దం మీద ఒక పూత, దానివల్ల నీళ్లు పరుచుకోకుండా పూసల్లా జారిపోతాయి. ఎండిన అద్దం మీద వైపరు వేసినవాడికి రెండ్రోజులు టీ బంద్ అన్నాడు. ఆ హాస్యం ప్రతి క్లాసులోనూ ఆడతాడు, ప్రతి క్లాసూ నవ్వుతుంది. ఈ క్లాసు కూడా నవ్వింది, కానీ కాస్త ఆలస్యంగా.

ఇక గొట్టాల దగ్గరికి రాక తప్పలేదు.

"వీటికి మంచు పట్టి చిల్లు మూసుకుపోయిందనుకోండి. గొట్టం ఆగిపోదు, అంకె చూపిస్తూనే ఉంటుంది. తప్పంకె. పైలట్ దాన్నే నమ్ముతాడు. ఎందుకంటే, అప్పటిదాకా అది ఎప్పుడూ నిజమే..." ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. గ్లాసు తీసుకుని నీళ్లు తాగాడు.

ముందు వరసలో కూర్చున్న అమ్మాయి చెయ్యెత్తింది. చురుకైన పిల్ల, ప్రశ్న అడిగితే సమాధానం వచ్చేదాకా వదలదు. "మాస్టారూ, నిన్న క్లీనరమ్మ నొక్కింది ఈ బటనేనా?"

"ఆఁ."

"అది తలపైన కదా ఉంటుంది. అద్దం తుడవాలంటే ముందుకి వంగాలి. ఆవిడ చెయ్యి పైకెందుకు పోయింది?"

"పొరపాటున తగిలుంటుంది."

"తగిలితే పడే బటన్ కాదు కదండీ, గట్టిగా నొక్కాలి." ఆమె పుస్తకంలో ఏదో రాసుకుంది. "నేల మీద ఎంతసేపటికి కరుగుతుంది కవరు?"

తెలియదని అనొచ్చు. కానీ ఎన్నో ఏళ్లుగా ఆ గదిలో ఆయన తెలియదని ఒక్కసారీ అనలేదు. "నేల మీద సగం వేడే ఇస్తుంది. ఎదురుగాలి ఉండదు కదా, పూర్తి వేడి ఇస్తే గొట్టమే మాడిపోతుంది. అంచేత పదిహేను, ఇరవై నిమిషాలు పట్టొచ్చు."

పద్దెనిమిది తలలూ పుస్తకాల్లోకి వంగాయి. చెప్పింది రాసుకుంటున్నారనుకున్నాడాయన. ఒక్క పెన్నూ కదలడం లేదని గమనించేంత స్థిమితం ఆయనకి ఆ పూట లేదు.

ఆ మధ్యాహ్నం ఆయనే స్వయంగా కొత్త గొట్టాలు బిగించాడు. ఎవరూ చెప్పలేదు, తనే అడిగి తీసుకున్నాడు. కవరు కరిగి అంటుకున్న పాత గొట్టం చేతిలోకి తీసుకుంటే ప్లాస్టిక్ రాయిలా గట్టిపడి ఉంది. చెయ్యాల్సిన పని చేసి, అప్పుడు దిగొచ్చి, అప్పుడు ఒక గడిలో సంతకం పెట్టాడు. మళ్లీ ఎక్కి, మళ్లీ దిగొచ్చి, రెండో గడి. నాలుగు గడులకి నాలుగుసార్లు. మోకాళ్లు పీకేశాయి. పెయింటర్లు పని ఆపి చూస్తున్నారు. ఇప్పుడు ఎంత ఒళ్లు వంచితే ఏం లాభమని తనలో తనే తిట్టుకున్నాడు. పాసు లేని మనిషి ఇంట్లో కూర్చునుంది.

బుధవారం పొద్దున్నే ఫోర్‌మన్ గదిలోకి వెళ్లి తలుపు దగ్గరగా వేశాడు. ఫోర్‌మన్ ఒకప్పుడు ఆయన క్లాసులో ఆఖరి వరసలో కూర్చున్నవాడే. రిపోర్టు బల్ల మీదే ఉంది. కారణం అనే చోట, అనుమతి లేని వ్యక్తి స్విచ్ వేయడం అని రాసుంది.

"ఒక మాట చెప్పాలి," అన్నాడు మాస్టారు. రాత్రి వల్లెవేసుకున్న వాక్యాలన్నీ ఎగిరిపోయాయి. "ఆవిడ నొక్కలేదు."

ఫోర్‌మన్ తలెత్తలేదు. పెన్ను మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

"నాకు తెలుసు మాస్టారూ."

"ఏమిటీ?"

"సోమవారమే తెలుసు. ఆవిడ గేటు దగ్గర కార్డు గీకింది రెండూ నలభైకి. పెయింటర్లు అరిచింది రెండూ నలభై ఎనిమిదికి. గేటు నుంచి ఇక్కడికి నడిచి రావడానికే అయిదు నిమిషాలు. మూడు నిమిషాల్లో కవరు కరుగుతుందా? సగం వేడే అని మీరే కదా నేర్పించారు నాకు." ఇప్పుడు తలెత్తాడు. "హ్యాంగర్లో అందరికీ తెలుసు. నిన్న మీ క్లాసులో పిల్లలక్కూడా తెలుసు. ఎవరూ నోరు మెదపం. మీరు నిశ్చింతగా ఉండండి."

మూడు రోజులుగా తనొక్కడే ఈ బరువు దాచి మోస్తున్నాననుకున్నాడు మాస్టారు. తీరా చూస్తే తనకి తెలియకుండా అందరూ తనని మోస్తున్నారు. దారిలో ఎదురైన ప్రతివాడూ నమస్కారం పెట్టి, పక్కకి తప్పుకున్నాక ఏమనుకుని ఉంటాడో తలుచుకుంటే చెవులు వేడెక్కాయి. తిట్టినా బాగుండేది. జాలిపడి కప్పెట్టారు.

"మరి ఆవిడ సంగతి?"

"కాంట్రాక్టు మనిషి. వాళ్ల కంపెనీ ఇంకెక్కడో పని చూపిస్తుంది, ఏ ఆఫీసులోనో ఊడవడానికి. మీ స్టాంపు పోతే మాత్రం ఈ వయసులో మళ్లీ రాదు. లెక్కేసుకోండి."

"లెక్కేసుకునే వచ్చాను."

"మాస్టారూ, వినండి..."

"ఈ కారణం రాస్తే ఏం చేస్తారు? క్లీనర్లు కాక్‌పిట్‌లోకి రాకూడదని గోడకి ఒక బోర్డు కొడతారు. నాలాంటివాడు రేపు మళ్లీ నాలుగు సంతకాలు ముందే పెట్టి పైకెక్కుతాడు." ఈ మాటలు తన తప్పుని పెద్ద మనసు లెక్కన చూపిస్తున్నాయని తోచి, మధ్యలోనే ఆపేశాడు. "అదంతా సరే. నాకు సిగ్గుగా ఉంది. అంతే."

హ్యాంగర్లోకి వెళ్లి, విమానంలోంచి లాగ్‌బుక్ తెచ్చుకుని, అదే ఇనుప బల్ల ముందు కూర్చున్నాడు. ఆ పుస్తకంలో పేజీలకి నంబర్లుంటాయి, చింపడం కుదరదు. రాసింది తప్పయితే ఒక గీత కొట్టాలి, కింద అక్షరాలు కనబడుతూనే ఉండాలి. అందులో ఒక లోపం రాశారంటే, దానికి జవాబు రాసి సంతకం చేసేదాకా విమానం గుమ్మం దాటదు. మెల్లగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు. సోమవారం కవర్లు తియ్యకుండా వేడి బటన్ నొక్కింది నేను. ఆపకుండా దిగిపోయింది నేను. కార్డులోని నాలుగు సంతకాలూ పని మొదలుపెట్టకముందే పెట్టాను. క్లీనర్ ఏ బటనూ ముట్టుకోలేదు. కింద పేరు, నంబరు. స్టాంపు వెయ్యలేదు. ఆ పుస్తకాన్ని తీసుకెళ్లి ఫోర్‌మన్ బల్ల మీద పెట్టాడు. ఫోర్‌మన్ ఆ పేజీ చదివి, రిపోర్టుని రెండుగా చింపి, పాసుల ఆఫీసుకి ఫోన్ కలిపాడు. ఫోన్లో మాట్లాడుతున్నంతసేపూ మాస్టారి వైపు చూడలేదు.

చెప్పేస్తే గుండె తేలికవుతుందంటారు. అలాంటిదేమీ కాలేదు.

కాంట్రాక్టు కంపెనీ వాళ్లనడిగి చిరునామా తీసుకుని, సాయంత్రం ఎండ తగ్గకముందే ఆ ఇంటికి వెళ్లాడు. నాలుగంతస్తుల పాత కట్టడం, మధ్యలో మెట్లు, ఒక్కో అంతస్తుకి మూడేసి గుమ్మాలు. మూడో అంతస్తులో, ఉతికిన నీలం కోటు ఆరేసిన కమ్మీ పక్కన, క్లీనరమ్మ తలుపు తీసింది. చేతులు తడిగా ఉన్నాయి. ఆయన్ని చూసి కొంగుతో తుడుచుకుంది, లోపలికి రమ్మనలేదు.

"రేపు రండి, మీ పాసు మీకిచ్చేస్తారు. అంతా రాసిచ్చాను. అది నొక్కింది మీరు కాదు, నేను."

"మీరూ, గీరూ అంటున్నారేంటి సార్? ఎప్పుడూ నువ్వనే కదా పిలిచేవారు," అందామె. "పాసు తీసుకుంటాను. నా పాసే కదా. కానీ నొక్కింది మీరని నాకెందుకు చెప్పడం? నేను నొక్కలేదని నాకు తెలీదా?"

ఆయన చేతిలోని చిరునామా కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సోమవారం గేటు దగ్గర ఇద్దరు గార్డులు నన్ను నడిపించుకొస్తుంటే, ఈ కట్టడంలో వాళ్లు ముగ్గురు అక్కడే బస్సు కోసం నిలబడున్నారు. నిన్న నీళ్ల దగ్గర ఒకావిడ, విమానం కాల్చావటగా అనడిగింది. మీరొచ్చి చెప్పాల్సింది నాకు కాదు."

లోపల్నుంచి ఒక ముసలావిడ గోడ పట్టుకుంటూ వచ్చింది. "ఎవరే అది?"

"మా అత్తగారు," అంది క్లీనరమ్మ. "ఆ మాస్టారే అత్తయ్యా."

ముసలావిడ గుమ్మం దాటి మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "ఏంటి బాబూ?"

"అమ్మా, విమానం దగ్గర జరిగిన తప్పు మీ కోడలిది కాదు, నాది," అన్నాడు మాస్టారు, మెల్లగా.

"వినపడ్డం లేదు. గట్టిగా చెప్పు."

"తప్పు మీ కోడలిది కాదండీ. నాది."

ఆవిడ చెవి దగ్గర చెయ్యి అడ్డంపెట్టుకుంది. "ఇంకాస్త గట్టిగా."

మాస్టారు గొంతెత్తాడు. "విమానం దగ్గర గొట్టాలు కాల్చింది నేనండీ! మీ కోడలు కాదు! ఆవిడ ఏమీ ముట్టుకోలేదు! నేను చేసి, ఆవిడ మీద పడుతుంటే చూస్తూ ఊరుకున్నాను!"

మెట్ల మధ్య ఆ మాటలు పైదాకా, కిందదాకా మోగాయి. ఎదురు గుమ్మం తెరుచుకుంది. పై అంతస్తు కమ్మీ మీంచి రెండు తలలు వంగి చూశాయి. కింద ఎవరో కుళాయి కట్టేశారు.

ముసలావిడ చెవి దగ్గర్నుంచి చెయ్యి తీసేసింది. "నాకు మొదట్లోనే వినపడింది బాబూ," అంది మామూలు గొంతుతో. "వీళ్లకి వినపడాలని."

పైనున్న తలలూ వెనక్కి పోలేదు, ఎదురింటి తలుపూ మూసుకోలేదు. క్లీనరమ్మ చేతులు కట్టుకుని గోడకి ఆనుకుని నిలబడింది. ముసలావిడ ఒక అడుగు దగ్గరికొచ్చి, ఆయనకి మాత్రమే వినపడేలా అడిగింది.

"మరి ఆ రోజే ఎందుకు చెప్పలేదు?"

ఈసారి గట్టిగా చెప్పమని ఎవరూ అనలేదు.

"భయమేసిందండీ!" అన్నాడు మాస్టారు, అంతే గట్టిగా. "నా పేరు పోతుందని భయమేసింది! ఆవిడకైతే పోవడానికి పేరేముందిలే అనుకున్నాను!"